చెంగు తెగని చొక్కా

"...అసలు పేలనే లేదు కదరా! పేలని తుపాకికి గురి తప్పడమేంటి?"

"లేడి నీ ఎదురుగా నిలబడిందా లేదా, అది చెప్పు బావా."

"నిలబడింది."

"గురి పెట్టావా?"

"పెట్టాను."

"నొక్కావా?"

"నొక్కాను. టప్‌మంది. ఒక నిమిషం ఆగి, క్యాపు మార్చి, మళ్ళీ నొక్కాను. మళ్ళీ టప్. అంతే."

"మరి ఇప్పుడు ఆ లేడి ఎక్కడుంది?"

ఎల్వుడ్ జెర్బీ గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని తడిసిన బూట్ల తాళ్ళు విప్పుకోవడంలో మునిగిపోయాడు.

"అదే నేననేది," అన్నాడు బావమరిది నెవిన్, పొయ్యి మీద పందితొడ ముక్కలు వేసిన చిక్కుడుగింజలు కలుపుతూ. "అది కొండెక్కింది, నువ్వు కొండ దిగావు. చెంగు తెగాల్సిందే."

"తెగదు."

"లూథర్ లేవనీ."

"లేవనీ. నాకేం భయం?"

పక్కగదిలో లూథర్ గురక ఒక్కసారి ఆగి, ఇద్దరినీ హడలగొట్టి, మళ్ళీ మొదలైంది. ఆయనకు ఎనభై మూడేళ్ళు. పొద్దున్న రెండు గంటలు అడవిలో కూర్చుంటాడు, పదకొండుకు వచ్చి పడుకుంటాడు, రెండింటికి లేస్తాడు. ఈలోపు కొండ కూలినా లేపకూడదు. ఈ వేటబసలో న్యాయం కావాలంటే రెండు దాకా ఆగాలి.

ఇక్కడ న్యాయమంటే కత్తెర. లూథర్ ముప్పై ఒక్క ఏళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో గుడ్డ కోసేవాడు. పన్నెండు పొరలు ఒక్కపెట్టున కోసిన చెయ్యి. ఫ్యాక్టరీ మూసేసిన రోజు తన కత్తెర తను తెచ్చుకున్నాడు. మోచెయ్యంత ఉంటుంది. పొయ్యి పక్క మేకుకు వేలాడుతుంది. జింక మీద గురి తప్పినవాడు ఆ సాయంత్రం గోడవైపు తిరిగి నిలబడాలి. లూథర్ వెనకనుంచి వాడి చొక్కా చెంగు కత్తిరిస్తాడు. ఆ ముక్కను గోడకు మేకు కొట్టి, పక్కన ఒక చీటీ అంటిస్తారు. చీటీ మీద మూడు సంగతులు ఉంటాయి. పేరు, ఏడు, సాకు.

గోడ మీద అరవై ఒక్క ముక్కలున్నాయి. పన్నెండు నెవిన్‌వి. వాటిలో నాలుగు ఒకే థానులోంచి వచ్చినవి. చొక్కాలు వృథా అవుతున్నాయని వాళ్ళావిడ చవక గుడ్డ కొని వరసగా కుట్టేసింది.

ఎల్వుడ్ ముక్క ఒక్కటీ లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా లేదు.

పైగా చీటీలు రాసేది ఎల్వుడే. ఊరి నీళ్ళ సరఫరా ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు మీటర్లు చూసి అంకెలు రాసినవాడు. వానలోనూ మంచులోనూ, కుక్క మడమ పట్టుకుని ఉండగా కూడా, చక్కగా గుండ్రంగా రాసేవాడు. ఆ దస్తూరి చూసే, సభ్యుడైన మొదటి ఏడాదే లూథర్ పెన్ను చేతికిచ్చాడు. బసలో సభ్యులు తప్ప మరెవరూ చీటీ రాయకూడదన్నది లూథర్ పెట్టిన నియమం. ఎల్వుడ్ ఆ గౌరవాన్ని కాస్త ఎక్కువగానే నిలబెట్టుకున్నాడు. "నెవిన్ హాకెన్‌బరీ, 1994. తుమ్ము వచ్చింది." "నెవిన్ హాకెన్‌బరీ, 2003. ఉడుత అరిచింది." "నెవిన్ హాకెన్‌బరీ, 2011. ఎండ కళ్ళలో పడింది." ఈ చివరిదాని కింద, కళ్ళజోడు పెట్టుకుంటేగానీ కనిపించనంత చిన్న అక్షరాల్లో: "ఆ రోజు మబ్బు."

నెవిన్‌కు ఆ చిన్న అక్షరాలు కనిపించడానికి మూడేళ్ళు పట్టింది. అప్పటినుంచి అతను బతుకుతున్నది ఒక్క కోరికతో.

ఎల్వుడ్ చొక్కా సంగతి కూడా చెప్పాలి. ఎరుపు నలుపు గళ్ళ ఉన్ని చొక్కా. సభ్యుడైన ఏడు కొన్నది. మోచేతుల దగ్గర రెండుసార్లు అతుకులు పడ్డాయి, కాలరు ఒకసారి తిరగేశారు, గుండీల్లో రెండు భార్య ఫెర్న్ కోటువి. కానీ వెనక చెంగు మాత్రం కొన్ననాడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. దాన్ని ప్యాంటులో దోపుకోడు. ఎంత చలైనా సరే, బయటికి వదులుతాడు. బసలో నడిచేటప్పుడు అది వెనకాల ఊగుతూ ఉంటుంది. కాఫీ తెచ్చుకోవడానికి లేచినా, కట్టె తేవడానికి వంగినా, అందరికీ ఒకసారి వెనక్కి తిరిగి చూపించే వెళ్తాడు. ఫెర్న్ ఏటా అక్టోబరులో సాగనంపుతూ ఒకే మాట అంటుంది: "దేవుడి దయవల్ల ఈసారైనా గురి తప్పితే ఆ చొక్కా పీడ వదిలిపోతుంది."

అసలీ గొడవకు మూలం కూడా ఫెర్నే అని ఎల్వుడ్ నమ్మకం.

ఎల్వుడ్ మొన్నమొన్నటిదాకా పాతరకం తుపాకితోనే వేటాడాడు. మూతిలోంచి మందు పోసి, గుండు కూరి, కడ్డీతో దట్టించేది. మందంటే అసలైన నల్ల తుపాకిమందు: బొగ్గు, సురేకారం, గంధకం. దాంతో కాల్చిన తుపాకిని ఆ రోజే వేడి సబ్బునీళ్ళతో కడగాలి. లేకపోతే తెల్లారేసరికి లోపలంతా తుప్పు. ఎల్వుడ్ వంటింటి సింకులో కడిగేవాడు. గంధకం తడిస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అది గిన్నెలు తుడిచే గుడ్డకు పట్టేది, కర్టెన్లకు పట్టేది, ఒక ఏడాది థాంక్స్‌గివింగ్ పండగ కేకుకు కూడా పట్టింది. చర్చి నుంచి వచ్చిన ఒకావిడ రెండు గుటకలు కాఫీ తాగి, మెల్లగా, "ఫెర్న్, మురుగు గొట్టం చూపించుకోకూడదూ?" అంది. ఆ సాయంత్రం ఫెర్న్ భర్తను సింకు ముందు నిలబెట్టి, "ఇది నా గిన్నెల కోసం. మీ ఫిరంగి కోసం కాదు," అని తేల్చేసింది.

అక్కడితో ఆగితే ఫెర్న్ ఎందుకవుతుంది? ట్వైలాతో కలిసింది.

ట్వైలా ఎల్వుడ్ చనిపోయిన అక్క కూతురు. నలభై ఒక్క ఏళ్ళు. కింద ఊళ్ళో దాణా, విత్తనాలు అమ్మే దుకాణంలో వేట సామాన్ల బల్ల ఆమెదే. వాళ్ళ దుకాణంలో పాతమందు అమ్మడం ఎప్పుడో మానేశారు. దానికి తాళం వేసిన ఇనప్పెట్టె కావాలి, కాగితాలు కావాలి, తనిఖీ చేసేవాళ్ళు కావాలి. కొత్తరకం మందులకు ఆ గొడవ లేదు. పిట్టలకు వేసే గింజల సంచుల పక్క అరలో కూర్చుంటాయి. పోయిన క్రిస్మస్‌కు ఫెర్న్ మూతిలోంచే దట్టించే కొత్త తుపాకి కొంటే, ట్వైలా దాంతోపాటు కొత్తమందు డబ్బా ఒకటి రిబ్బను కట్టి ఇచ్చింది.

"ఇందులో గంధకం లేదు మామయ్యా. వాసన రాదు, తుప్పు తక్కువ. చూర్ణం కూడా కాదు, బిళ్ళలు. కొలుచుకునే పనే లేదు. రెండు వేసి గుండు దించడమే."

"గంధకం లేకపోతే అది తుపాకిమందు ఎట్లా అవుతుందే?"

"పేలుతుంది కాబట్టి."

"ఉప్పు లేకుండా పందితొడ ఊరబెట్టినట్టుంది నీ కబురు."

"ఒకసారి కాల్చి చూడు. తర్వాత తిట్టు."

కాల్చి చూశాడు. వేసవంతా ఇంటి వెనక గుట్టకేసి కాల్చాడు. బ్రహ్మాండంగా పేలింది. కాలిన చక్కెర వాసన తప్ప మరొకటి లేదు. పొగ కూడా పల్చగా వచ్చి, గుండు ఎక్కడ తగిలిందో వెంటనే కనిపించేది. అదీ ఎల్వుడ్‌కు నచ్చలేదు. పాతమందు పొగ ముసిరి, అది విడిపోయేదాకా ఆ నాలుగు క్షణాలు మనిషి రకరకాలుగా ఆశపడవచ్చు. ఇందులో ఆ అవకాశం లేదు.

ఆ రకంగా, మొదటిసారి కొత్త తుపాకితో, కొత్తమందుతో, ఇవాళ పొద్దున్న అడవిలోకి దిగాడు. పక్కన ట్వైలా. ఆమె ఈ బసకు అతిథిగా రావడం ఇది మూడో ఏడు. మూడేళ్ళు అతిథిగా వస్తే సభ్యత్వం అడగవచ్చు. ఇప్పటిదాకా ఆడమనిషెవరూ అడగలేదు. రేపు ఆదివారం ఉదయం ఆ మాట తేల్చాలి.

*

భోజనాల దగ్గర కూడా నెవిన్ ఊరుకోలేదు.

"ఇంకొంచెం చిక్కుళ్ళు వేసుకో బావా. చొక్కా తేలికైపోయాక చలేస్తుంది."

"నీ నోరు పేలినట్టు నీ తుపాకి ఒక్కనాడు పేలిందట్రా?"

"నాది పేలుతుంది. తగలదంతే. నీది పేలనే పేలదు."

ట్వైలా తలొంచుకుని నవ్వుకుంటోంది. వాగు అవతల కూర్చున్నందుకు ఆమెకు పొద్దుట్నించీ ఒక ముళ్ళపంది తప్ప ఏమీ కనిపించలేదు. "లోపల ఏముందో విప్పి చూద్దామా మామయ్యా?" అంది. "తడేమో. నేను విప్పనా?"

"నేను విప్పుకుంటాను. నువ్వు తిను."

తుపాకి వరండాలో, మూతి పైకి పెట్టి చెక్కకు ఆనించి ఉంది. మందుకు నిప్పు అందించే క్యాపు ఎప్పుడో తీసేశాడు. ఎల్వుడ్ తలుపు వేసుకుని, బల్ల మీద పాత తువ్వాలు పరిచి, పానాతో వెనక మర విప్పడం మొదలుపెట్టాడు. ట్వైలాకు చెప్పబోయే మాటలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. తడిసి ముద్దయిన బిళ్ళలను తువ్వాలు మీద పెట్టి, ఆమె వంగి చూసేదాకా ఆగి, "గంధకం," అంటాడు. అంతే. ఒక్క మాట చాలు.

మర ఊడివచ్చింది. దాని లోపలి కొసను వేలితో రుద్దాడు. కాస్త మసి, అంతే. మందు ముద్ద ఏదీ అంటలేదు. కడ్డీ వెనకనుంచి పెట్టి నెట్టాడు. గుండు మూతిలోంచి జారి తువ్వాలు మీద పడింది. ఎల్వుడ్ వంగి బ్యారెల్‌లోంచి చూశాడు. అవతలి కొసన కొండ కనిపించింది. గుండ్రంగా, శుభ్రంగా, ఎర్రబడిన మేపుల్ చెట్లతో సహా.

తెల్లగుడ్డ చుట్టి ఒకసారి దూర్చి తీశాడు. దాదాపు తెల్లగానే వచ్చింది.

ఆలోచించేటప్పుడు పిప్పరమెంటు చప్పరించడం ఎల్వుడ్‌కు అలవాటు. దానికోసం కోటు జేబులో చెయ్యి పెట్టాడు. పిప్పరమెంటు దొరకలేదు. వేలెడంత ప్లాస్టిక్ డబ్బీ తగిలింది. పైకి తీస్తే గలగలమంది.

ఆ డబ్బీ కూడా ట్వైలా ఇచ్చిందే. ఒక కొసన రెండు మందు బిళ్ళలు, రెండో కొసన గుండు, మధ్యలో అడ్డు. రెండు కొసలకీ రెండు మూతలు. ముందు బిళ్ళల వైపు విప్పి బ్యారెల్‌లో వంచాలి. తర్వాత గుండు వైపు. చేతిలో ఉన్న డబ్బీలో గుండు వైపు ఖాళీగా ఉంది. బిళ్ళల వైపు మూత బిగించినది బిగించినట్టే ఉంది.

పొద్దున్న, ఇద్దరూ చెరోవైపు వెళ్ళకముందు, అడవి అంచున రాతిగోడ దగ్గర ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తను తుపాకి దట్టిస్తూ ట్వైలాకు ఉపన్యాసం ఇస్తున్నాడు. "ముప్పై ఎనిమిదేళ్ళలో పాతమందు నన్ను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మోసం చేసిందేమో చెప్పు," అని ఒక వేలు పైకెత్తి చూపించాడు. ఆ వేలు ఎత్తి ఉండగానే రెండో చేత్తో గుండు కూరాడు. కడ్డీ మీద చాకుతో గీసిన గీత ఒకటుంది; మందూ గుండూ రెండూ సరిగా దిగితే ఆ గీత సరిగ్గా మూతి దగ్గరికి వస్తుంది. ప్రతిసారీ చూస్తాడు. ఇవాళ గీతను చూడలేదు. ఉపన్యాసం ట్వైలా చెవికెక్కుతోందో లేదోనని ఆమె మొహం చూస్తున్నాడు.

మందే పెట్టలేదు.

తుమ్ము కాదు, ఉడుత కాదు. ఈ గోడ మీద అరవై ఒక్క సాకుల్లో ఇలాంటిది లేదు. ఇలాంటిది ఇంకెవరైనా చేసి ఉంటే తను దాని కింద చిన్న అక్షరాల్లో ఏం రాసేవాడో ఎల్వుడ్‌కు వెంటనే తట్టింది. ఒకటి కాదు, నాలుగైదు తట్టాయి. అన్నీ చాలా బాగున్నాయి.

వరండా మూలన చూరు నీళ్ళు పట్టే పీపా ఉంది. ఎల్వుడ్ దాని దగ్గరికి నడిచాడు. నిజానికి పొద్దున్న వాన పడే సూచన ఉండనే ఉంది. పడి ఉంటే డబ్బీ తడిసేది కాదా? మూతలు అంత గట్టివేం కావు. తడిసి ఉంటే బిళ్ళలు తడిసేవి. బిళ్ళలు తడిసి ఉంటే, పెట్టినా పేలేవి కావు. కాబట్టి పెట్టడం, పెట్టకపోవడం పెద్ద తేడా కాదు. ఈ వాదనలో ఏదో ఒక మెట్టు ఊగుతోందని తెలుస్తూనే ఉంది గానీ, అదేదో చూడటానికి అతను ఆగలేదు. వెనక తలుపు వైపు ఒకసారి చూసి, రెండు బిళ్ళలనూ పీపాలో ముంచాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. పది అంకెలు లెక్కపెట్టాడు. సాసరులో పెట్టాడు.

చొక్కా చెంగు తడవకుండా మాత్రం రెండో చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

*

రెండింటికి లూథర్ లేచి వచ్చాడు. ఒకవైపు జుట్టంతా పైకి లేచి ఉంది. బల్ల చివర తన కుర్చీలో కూర్చుని, కాఫీ వచ్చేదాకా ఎవరినీ మాట్లాడనివ్వలేదు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఊఁ. ఎవడిది?"

"బావది!" అన్నాడు నెవిన్. అప్పటికే కత్తెర మేకు మీదనుంచి తీసి బల్ల మీద పెట్టి ఉంది. తుడిచి కూడా పెట్టాడు.

"ఎల్వుడ్‌దా?" లూథర్ కళ్ళజోడు మీదుగా చూశాడు. "నిజంగా?"

"పేలలేదు లూథర్ అన్నా," అన్నాడు ఎల్వుడ్. "మందు తడిసింది. ఇదిగో." సాసరు బల్ల మీద పెట్టాడు. బిళ్ళలు అంచుల దగ్గర ఉబ్బి, కాస్త కరిగి, నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి.

లూథర్ వంగి చూశాడు. "ఇవేంటి, దగ్గు బిళ్ళలా?"

"కొత్తమందు తాతా," అంది ట్వైలా. "ఏదీ, ఇలా ఇవ్వు మామయ్యా."

ఒక బిళ్ళ వేళ్ళతో పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. తర్వాత రెండో వైపు చూసింది. దాన్ని పెట్టి రెండో బిళ్ళ తీసుకుంది. దాన్నీ అటూ ఇటూ చూసింది.

ఆమె దేనికోసం వెతుకుతోందో అప్పుడు తెలిసింది ఎల్వుడ్‌కు. క్యాపు రెండుసార్లు పేలింది. అంటే నిప్పు రెండుసార్లు బిళ్ళకు తగిలి ఉండాలి. ఎంత తడిసినా, ఒక వైపు కాలిన మచ్చ ఉండి తీరాలి. దుకాణంలో రోజూ ఇలాంటివి తెచ్చి చూపించేవాళ్ళతో వేగే మనిషికి ఇది తెలియకుండా ఉండదు. తనకూ తెలుసు. పీపా దగ్గర గుర్తు రాలేదంతే.

ట్వైలా బిళ్ళను సాసరులో పెట్టేసింది. చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. ఎల్వుడ్ వైపు చూడలేదు.

"తడే తాతా," అంది. "మూతల చుట్టూ టేపు వెయ్యమని నేను మామయ్యకు చెప్పాల్సింది. నాదే పొరపాటు."

"చూశావా!" నెవిన్ బల్ల చరిచాడు, అంతలోనే కత్తెర గుర్తొచ్చి మొహం వేలాడేశాడు. "అంటే... అయితే చెంగు?"

లూథర్ కాఫీ గుటకేశాడు. తీర్పులు ఆయన ఎప్పుడూ గుక్కకో ముక్కగా చెబుతాడు.

"గుండు బయటికి రాలేదు. కాబట్టి గురి తప్పలేదు. చెంగు తెగదు."

"ముప్పై ఎనిమిదేళ్ళు!" అన్నాడు నెవిన్ పైకప్పుతో.

"తప్పు మందుది. ఆ మందు ఇక ఈ బసలోకి రాకూడదు." ఇంకో గుటక. "ట్వైలా, రేపటి నీ సభ్యత్వం మాట కూడా ఈ ఏడాదికి ఆపుదాం అమ్మా. జనం కొత్త వస్తువు తెస్తే చూస్తాం. పనిచెయ్యని వస్తువు తెస్తే... కాస్త ఆగి చూస్తాం. ఏమంటావు?"

"సరే తాతా."

ఆమె లేచి, కిటికీ అరలో ఉన్న తన మందు డబ్బా తీసుకుంది. మూత బిగించి ఉందో లేదో చూసుకుంది. సంచీలో పెట్టి జిప్పు లాగింది. చెయ్యాల్సినదానికంటే ఏదీ నెమ్మదిగా చెయ్యలేదు, గట్టిగా చెయ్యలేదు. తర్వాత వచ్చి గిన్నెలు తీయడం మొదలుపెట్టింది. ఎల్వుడ్ ప్లేటు తీసేటప్పుడు, "కేకు ఇంకో ముక్క వెయ్యనా మామయ్యా? ఫెర్న్ అత్తయ్య నీకోసమని వేరే కట్టింది," అని మాత్రం అడిగింది.

"వద్దు."

"కాఫీ?"

"వద్దే."

నెవిన్ కత్తెరను మళ్ళీ మేకుకు తగిలించడానికి లేచాడు. అతని మొహంలో ఉన్న దిగులు చూసి మరో రోజైతే ఎల్వుడ్ వారం రోజులకు సరిపడా నవ్వుకునేవాడు. ఇవాళ అతను గోడవైపు చూస్తున్నాడు. అన్నిటికంటే పైన, అన్నిటికంటే పాతది, నీలం చారల ముక్క ఒకటి ఉంది. పక్కన చీటీ పెన్సిలుతో రాసింది. ఆ రాత తనది కాదు, లూథర్‌దే. "లూథర్ బామ్‌గార్డ్‌నర్, 1971. సాకు లేదు." ఇన్నేళ్ళుగా ఎల్వుడ్‌కు అది కాస్త చప్పటి చీటీ అనిపించేది.

"కత్తెర ఉంచరా నెవిన్," అన్నాడు.

"ఏం?"

ఎల్వుడ్ లేచి నిలబడ్డాడు. కోటు జేబులోంచి ప్లాస్టిక్ డబ్బీ తీసి సాసరు పక్కన పెట్టాడు.

"బిళ్ళలు దీంట్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం దాకా దీంట్లోనే ఉన్నాయి. నేను తుపాకిలో మందే పెట్టలేదు లూథర్ అన్నా. గుండొక్కటే దించాను."

ట్వైలా గిన్నెలు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"మరి ఈ తడి?" అన్నాడు లూథర్.

"పీపాలో ముంచాను."

"ఏ పీపా?" నెవిన్ గొంతు సన్నగా వచ్చింది. సంతోషం ఇంత పెద్దదై ఎదురొస్తే దాన్ని ఎక్కడ పట్టుకోవాలో అతనికి తెలియడం లేదు. "బయట పీపాలోనా? నువ్వే? నీ చేత్తో?"

"నా చేత్తోనే."

"ఎంతసేపు ముంచావు బావా?"

"పది అంకెలు."

"పది అంకెలు!" నెవిన్ కుర్చీలో కూలబడ్డాడు. "పదీ లెక్కపెట్టాడు లూథర్!"

లూథర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ట్వైలా వైపు చూశాడు.

"నువ్వు బిళ్ళలు తిప్పి చూశావు కదమ్మా."

"చూశాను తాతా."

"ఏం కనిపించింది?"

"తడి," అంది ట్వైలా.

లూథర్ ఆమెను ఇంకాసేపు చూసి, కత్తెర కోసం చెయ్యి చాచాడు. "తిరుగు ఎల్వుడ్."

ఎల్వుడ్ గోడవైపు తిరిగాడు. ముక్కుకు ఎదురుగా 2011 నాటి నెవిన్ చీటీ ఉంది. వెనక చెంగును లూథర్ రెండు వేళ్ళతో పట్టుకుని, గుడ్డ నాణ్యం చూసినట్టు బొటనవేలితో రుద్దడం తెలుస్తోంది.

"మంచి ఉన్ని," అన్నాడు లూథర్. "ఇట్లాంటిది ఇప్పుడు రాదు. చెంగు, మందు పెట్టనందుకు. పీపాకి ఇంకో నాలుగు అంగుళాలు."

"సరే అన్నా."

"ఆరు చెయ్యి లూథర్," అన్నాడు నెవిన్. "అక్క నీకు దణ్ణం పెడుతుంది."

కత్తెర ఒక్కసారే కదిలింది. వంకర లేకుండా, ఈ కుట్టునుంచి ఆ కుట్టుదాకా. నడుము దగ్గర చల్లగాలి తగిలింది ఎల్వుడ్‌కు.

మేకు కొట్టే పని నెవిన్ ఎవరికీ ఇవ్వలేదు. గోడ మధ్యలో, కిటికీ వెలుతురు పడేచోట, తన పన్నెండు ముక్కలనూ కాస్త పక్కకు జరిపి మరీ చోటు చేశాడు. మేకుకు ఒక దెబ్బ చాలు, ఆరు కొట్టాడు. తర్వాత అరలోంచి చీటీల పెట్టె, పెన్ను తెచ్చి ఎల్వుడ్ ముందు పెట్టి, మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చున్నాడు.

"రాయి బావా. తొందరేం లేదు. మంచి దస్తూరితో రాయి. చిన్న అక్షరాలు నేను చెప్తాను."

ఎల్వుడ్ పెన్ను మూత తీశాడు. తెల్ల చీటీని సరిగ్గా తన ముందుకు జరుపుకున్నాడు. తర్వాత చీటీనీ పెన్నునూ కలిపి బల్లకు అవతలివైపు, ట్వైలా తడిచేతులు తుడుచుకుంటున్న చోటికి నెట్టాడు.

"అదేంటి?" అన్నాడు నెవిన్. "చీటీలు సభ్యులే రాయాలి. లూథర్ నియమం."

"తెలుసు," అన్నాడు ఎల్వుడ్. "ఇవాళ్టినుంచి చీటీలు ట్వైలా రాస్తుంది."